తీగ నేలలోకి వెళ్ళాక పొలం ఏమవుతుంది?

రాయపూర్‌లోని దేవేంద్రనగర్ లాంటి పేటలో వీధి పక్కన కందకం తవ్వి, కేబుల్ వేసి, మట్టి కప్పేసి వెళ్ళిపోతే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. మొదటి నాలుగు వానలకే ఆ మట్టి కుంగుతుంది. వీధి పొడవునా ఒక చాలు పడుతుంది, అందులో నీళ్ళు నిలుస్తాయి. వీధి కాబట్టి లారీడు కంకర పోసి చదును చేస్తే సరిపోతుంది. అదే కందకం ఊరి బయట వరి మడిలోంచి పోతే? అక్కడ కంకర పోయలేం. కప్పిన మట్టి మళ్ళీ పొలం కావాలి.

ఈ ప్రశ్న ఇప్పుడు ప్రపంచమంతటా వినిపిస్తోంది. సముద్రంలో నాటిన గాలిమరల విద్యుత్తు ఒడ్డుకు వచ్చాక ఉపకేంద్రం దాకా చాలాచోట్ల నేల కింది కేబుళ్ళలోనే ప్రయాణిస్తుంది. డెన్మార్క్‌లోని విండెబీ దగ్గర 1991లో 11 మరలతో మొదటి సముద్ర పవన విద్యుత్ కేంద్రం మొదలయింది. 2017లో దానిని విప్పేశారు. అంటే ఆ పద్ధతి పుట్టి, ఒక తరం యంత్రాలు ముసలివయి పోయేంత కాలం గడిచింది. కేబుల్ వేసిన నేలను మళ్ళీ నేలగా చేసే విద్య మాత్రం అంతకంటే పాతది. తంతి తీగలతో, చమురు గొట్టాలతో కలిసి పెరిగిన విద్య అది. దాని చరిత్రలో మన దేశానికీ, మన తెలుగు జిల్లాలకూ భాగం ఉంది.

మద్రాసు గుడ్డ, కప్పుపెంకులు

తీగను భూమిలో పాతడం మన దేశంలో 1851లోనే జరిగింది. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన విలియం ఓషానెసీ 1839లో అక్కడి వృక్షశాస్త్ర ఉద్యానవనంలో వెదుళ్ళ మీద తీగ కట్టి తంతి ప్రయోగాలు చేశాడు. పన్నెండేళ్ళ తరువాత ఈస్టిండియా కంపెనీ ఒప్పుకొని కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వైపు తంతిమార్గం వేయించింది. అందులో కొంత భాగం నేల కింద పోయింది. ఇనుప కడ్డీకి తారులో ముంచిన మద్రాసు గుడ్డ రెండు పొరలుగా చుట్టి, ఇంటి కప్పులకు వాడే పెంకులలో పెట్టి, కరిగించిన ఇసుక, గుగ్గిలం మిశ్రమం పోశారు. దొరికిన సరుకుతో కట్టిన విద్యుద్బంధకం అది! ఈనాటి కేబుల్ తయారీదారు చూస్తే నవ్వుతాడేమో గాని, సూత్రం మాత్రం తప్పు కాదు. వాహకం, దాని చుట్టూ బంధకం, ఆ రెండింటినీ గునపం దెబ్బ నుంచి కాపాడే గట్టి కవచం. నేటికీ కేబుల్‌లో ఉండేవి ఈ మూడే.

అదే రోజులలో ప్రష్యాలో వెర్నర్ సీమెన్స్ మలయా అడవుల నుంచి వచ్చే గట్టాపర్చా అనే చెట్టుపాలను రాగితీగ చుట్టూ అతుకు లేకుండా తొడిగే యంత్రం చేశాడు. 1848-49లో బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు చాలా దూరం నేలలోనే తీగ వేశారు. కొన్నేళ్ళలోనే అది పాడయింది. కారణాలు రెండు. గట్టాపర్చాలో కలిపిన గంధకం రాగిని తినేసింది. పైగా పొదుపు కోసం తీగను చాలా లోతు తక్కువలో పాతారు. దాంతో ఎలుకలు కొరికాయి, నేల తవ్వేవారి పనిముట్లు తగిలాయి. చివరకు తీగలు స్తంభాల మీదికి ఎక్కాయి. లోతు తగ్గిస్తే డబ్బు మిగులుతుంది, తరువాత దానికి మించి పోతుంది. ఈ సంగతి ఆ తరువాత ప్రతి తరమూ కొత్తగా తెలుసుకుంటూ వచ్చింది.

విద్యుద్దీపాల కాలంలో కేబుళ్ళు మళ్ళీ నేలలోకి దిగాయి, కాని పట్టణాలలోనే. ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లో ఇనుప గొట్టాలలో రాగి కడ్డీలు పెట్టి వీధుల కింద పరిచాడు. ఫెరాంటీ లండన్‌లో డెప్ట్‌ఫర్డ్ కేంద్రం నుంచి 10,000 వోల్టుల విద్యుత్తును కాగితం చుట్టిన కేబుల్‌తో పంపాడు. పల్లెలకు మాత్రం స్తంభాలే వచ్చాయి. ఇందులో వివక్ష ఏమీ లేదు. గాలి డబ్బు ఖర్చు లేని విద్యుద్బంధకం, పైగా తీగను చల్లబరుస్తుంది. నేలలో ఆ రెండూ దొరకవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కేబుల్‌లో లోపల వాహకం, మధ్యన బంధకం, బయట లోహపు తొడుగు ఉంటాయి. భౌతికశాస్త్రం చదివినవారికి ఇది వెంటనే కెపాసిటర్‌గా కనిపిస్తుంది. ఏకాంతర విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకున్నప్పుడల్లా ఈ పొడవైన కెపాసిటర్‌ను నింపి ఖాళీ చేయాలి. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ఈ నింపుడుకే ప్రవాహంలో ఎక్కువ భాగం ఖర్చయిపోతుంది. ఏకముఖ విద్యుత్తుకు ఈ బాధ లేదు. ఒకసారి నిండితే చాలు. అందుకే 1954లో స్వీడన్ ప్రధాన భూభాగం నుంచి గోట్లాండ్ దీవికి సముద్రం అడుగున ఏకముఖ విద్యుత్ కేబుల్ వేశారు. అదే దీవిలో 1999లో ఇంకో ముఖ్యమైన పని జరిగింది. దీవి దక్షిణాన ఉన్న గాలిమరల విద్యుత్తును ఉత్తరాన ఉన్న విస్‌బీ పట్టణానికి చేర్చడానికి 70 కి.మీ. పొడవున నేల కింద కేబుల్ పరిచారు. గాలి విద్యుత్తు కోసం పల్లెపట్టు గుండా అంత దూరం కేబుల్ పూడ్చడం అప్పటికి కొత్త విషయం.

పొలం మీద హక్కు ఎవరిది?

సాంకేతిక సమస్య తీరితే చట్టం సమస్య మొదలవుతుంది. 1885 నాటి భారత తంతి చట్టం తంతి శాఖకు ఎవరి భూమిలోనైనా స్తంభం పాతే, తీగ పూడ్చే అధికారం ఇచ్చింది. దానితోపాటు రెండు షరతులు పెట్టింది. శాఖకు వచ్చేది వాడుకునే హక్కే గాని భూమి మీద యాజమాన్యం కాదు. పని చేసేటప్పుడు సాధ్యమైనంత తక్కువ నష్టం చేయాలి, చేసిన నష్టానికి సంబంధించిన వారందరికీ పూర్తి పరిహారం చెల్లించాలి. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ ప్రకారం ఈ అధికారాలనే విద్యుత్ ప్రసార సంస్థలకు ఇవ్వవచ్చు. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం పాత తంతి చట్టాన్ని తొలగించినా, విద్యుత్ లైన్ల విషయంలో దాని మూడవ భాగాన్ని అలాగే నిలిపి ఉంచింది. విక్టోరియా రాణి కాలం నాటి వాక్యాలు ఇంకా మన పొలాలలో పనిచేస్తూనే ఉన్నాయన్నమాట.

చమురు గొట్టాలకు వేరే చట్టం కావలసి వచ్చింది. అస్సాంలోని నహర్‌కటియా చమురును గౌహతికి, అక్కడి నుంచి బీహార్‌లోని బరౌనీకి చేర్చే 1,157 కి.మీ. గొట్టపు మార్గం 1960లలో తయారయింది. ఆ సమయంలోనే, 1962లో, పెట్రోలియం గొట్టపు మార్గాల కోసం భూమి వాడుక హక్కు చట్టం వచ్చింది. దాని ప్రకారం భూమి రైతుదే, సేద్యం చేసుకోవచ్చు. కాని ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి గాని చెరువు గాని తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ప్రతిఫలంగా జరిగిన నష్టానికి పరిహారమూ, ఆ భూమి మార్కెట్ విలువలో పదవ వంతూ ఇస్తారు.

చెట్టు నాటకూడదన్న మాట వినడానికి చిన్నది. కాని కోనసీమలో ఆ మాటకు చాలా బరువుంది. వరి రైతు గొట్టం మీద మళ్ళీ నాట్లు వేసుకుంటాడు. కొబ్బరి రైతుకు ఆ వరస శాశ్వతంగా పోయినట్టే. ఒకే చట్టం, ఒకే పదో వంతు, రెండు రకాల నష్టం.

సముద్రంలో పుట్టిన శక్తిని ఒడ్డుకు తెచ్చి పొలాల కింద దూరాలకు పంపిన పెద్ద ఉదాహరణ ఒకటి మన తెలుగు నేలలోనే ఉంది. అది గాలి కాదు, వాయువు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 క్షేత్రంలో 2002లో వాయువు బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలయింది. సముద్రం అడుగు నుంచి వచ్చే వాయువు కాకినాడ దగ్గరి గాడిమొగ వద్ద ఒడ్డుకు చేరుతుంది. అక్కడి నుంచి సుమారు 1,400 కి.మీ. పొడవున, 48 అంగుళాల వ్యాసంతో ఒక గొట్టం గోదావరి మెట్ట, డెల్టా పొలాలు, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల గుండా గుజరాత్ చేరుతుంది. ఆ దారిలో డెల్టా ఒండ్రు, ఎర్రచెలక, నల్లరేగడి అన్నీ వస్తాయి. సముద్రపు గాలి విద్యుత్తు రేపు మన తీరానికి వస్తే ఏ నేలలను తవ్వాలో, ఆ నేలలన్నిటినీ ఈ గొట్టం అప్పుడే తవ్వి చూసింది.

పూడ్చిన వస్తువు మాయమైపోదని గుర్తు చేసిన ఘటన కూడా ఇక్కడే జరిగింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో వాయుగొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. కేబుల్ అలా పేలి ఊరిని కాల్చదు, ఆ తేడా పెద్దదే. కాని పైన పచ్చగా కనిపించే పట్టీ కింద ఏముందో ఊరివారికి తెలియాలన్నది రెండింటికీ ఒకటే.

మట్టికీ ఒక కట్టుబడి ఉంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కందకంలోంచి తీసిన మట్టిని మళ్ళీ కందకంలోనే పోస్తే పొలం ఎందుకు మునుపటిలా ఉండదు? మట్టి బస్తాలో పోసిన సరుకు కాదు. దానికి పొరలున్నాయి. పైన జానెడు, జానెడున్నర మందాన ఉండే పైమన్నులో సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు, వానపాములు, వేళ్ళు ఉంటాయి. ఒక సెంటీమీటరు పైమన్ను ఏర్పడడానికి వంద సంవత్సరాలు పట్టవచ్చు. దాని కింద అడుగుమన్ను ఉంటుంది. అందులో జీవం తక్కువ. కొన్నిచోట్ల సున్నపు గడ్డలు, ఉప్పు, మొరం కూడా ఉంటాయి. యంత్రం ఒక్క తొట్టితో రెండింటినీ కలిపి తోడి, కలిపి పోస్తే పైకి వచ్చేది అడుగుమన్నే.

కెనడాలోని ఒంటారియోలో చమురు గొట్టం వేసిన పొలాలను శాస్త్రజ్ఞులు కొన్నేళ్ళపాటు పరిశీలించి 1980ల మొదట్లో ఫలితాలు ప్రచురించారు. గొట్టం మార్గంలో మొక్కజొన్న దిగుబడి మొదట బాగా పడిపోయింది, తరువాత మెల్లగా పెరిగింది. పొరలు కలిసిపోవడం, బరువైన యంత్రాల కింద నేల బిగుసుకుపోవడం ముఖ్య కారణాలని తేలింది. మామూలు సేద్యపు నేల ఒక ఘన సెంటీమీటరు సుమారు 1.3 గ్రాములుంటుంది. యంత్రాలు తిరిగిన చోట అది 1.6 దాటితే చాలా పంటల వేళ్ళు దిగలేవు, నీరు ఇంకదు. అందువల్ల దెబ్బ తినేది కందకం ఒక్కటే కాదు. దాని పక్కన యంత్రాలు నడిచిన దారి మొత్తం దెబ్బ తింటుంది. చాలాసార్లు ఆ దారే కందకం కంటే ఎన్నో రెట్లు వెడల్పుగా ఉంటుంది.

రాయపూర్ చుట్టుపక్కల నేలను తీసుకుంటే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. మిట్ట మీద గులకరాళ్ళతో ఎర్రగా ఉండేది భాటా. దాని కింద పసుపురంగు తేలికనేల మటాసీ. ఇంకా దిగువన బంకపాలు పెరిగిన డోర్సా. పల్లంలో నల్లటి కన్హార్. మిట్ట నుంచి పల్లానికి నడిస్తే ఈ నాలుగూ వరసగా వస్తాయి. కేబుల్ కందకం కూడా అదే దారిన నడుస్తుంది. భాటాలో తవ్వినది మటాసీలో పోయకూడదు. మటాసీకి సరిపడే యంత్రం వర్షాకాలంలో కన్హార్‌లో దిగితే చక్రాల గాడి అరమీటరు లోతు పడుతుంది. గుత్తేదారుడి కాగితం మీద ఇదంతా ఒకే గీత, ఒకే రేటు. రైతు ఇచ్చిన నాలుగు పేర్లలో ఎంత శాస్త్రం ఉందో గమనించండి.

నల్లరేగడికి ఇంకో గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. కందకంలో వదులుగా పోసిన రేగడి మొదటి వానకు ఉబ్బి, వేసవికి కుంగి, రెండు మూడేళ్ళు అలా ఊగుతూనే ఉంటుంది. అందుకే అనుభవమున్నవారు పూడ్చేటప్పుడు కందకం మీద కొంచెం ఎత్తుగా మట్టి వదులుతారు. అదే ఎత్తు సాగునీటికి అడ్డం పడితే మళ్ళీ తగాదా.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది వరి మడికి. ఏళ్ళ తరబడి దమ్ము చేసిన మడిలో పైమన్ను కింద, జానెడు లోతున, ఒక గట్టిపొర ఏర్పడుతుంది. నీరు త్వరగా దిగిపోకుండా ఆపేది ఆ పొరే. ఇతర పంటలకు గట్టిపొర శత్రువు, వరికి మాత్రం మిత్రుడు. కందకం దానిని తెగ్గొడితే మడికి అడుగున చిల్లు పడినట్టే. పైన చూస్తే పొలం చదునుగా, అందంగా ఉంటుంది. నీళ్ళు పెడితే మాత్రం నిలవవు. యూరప్‌లో రాసిన పునరుద్ధరణ నియమాలు నేల బిగుసుకోకూడదని పదేపదే చెబుతాయి. వాటిని అలాగే తెచ్చి గోదావరి డెల్టాలో అమలు చేస్తే సరిపోదు. ఇక్కడ అడుగుమన్నును సరైన పదునులో పొరలు పొరలుగా దిమ్మిస చేసి, దాని మీద పైమన్ను పరచి, కొన్ని కార్లపాటు దమ్ము చేస్తేనే గట్టిపొర మళ్ళీ కట్టుకుంటుంది.

పరిహారమా, పునరుద్ధరణా?

మన చట్టం వచ్చిన 1962లోనే బ్రిటన్‌లోనూ గొట్టపు మార్గాల చట్టం వచ్చింది. అందులో ఒక అదనపు బాధ్యత ఉంది: వ్యవసాయ భూమిని తవ్వినవారు దానిని తిరిగి సేద్యానికి పనికివచ్చేలా చేసి అప్పగించాలి. 1960ల చివర ఉత్తర సముద్రపు వాయువు ఒడ్డుకు వచ్చి గొట్టాలు దేశమంతా పాకినప్పుడు అక్కడ ఈ పని ఒక విద్యగా స్థిరపడింది. ముందుగా పని జరిగే వెడల్పుకు కంచె వేస్తారు. పైమన్ను తీసి ఒక పక్క, అడుగుమన్ను తీసి ఇంకో పక్క పోస్తారు. పైమన్ను కుప్ప మరీ ఎత్తుగా ఉంటే లోపల గాలి ఆడక జీవం చచ్చిపోతుంది కాబట్టి ఎత్తుకు హద్దు పెడతారు. నేల తడిగా ఉంటే పని ఆపుతారు. తెగిన మురుగు గొట్టాలను కలుపుతారు. పూడ్చాక అడుగుమన్నును లోతుగా దున్ని వదులు చేసి, ఆఖరున పైమన్ను పరుస్తారు. నదులు, వాగులు, పెద్ద చెట్ల వరసలు అడ్డం వస్తే తవ్వకుండా అడ్డంగా కింది నుంచి తొలుస్తారు. ఈ తొలిచే పద్ధతి 1971లో కాలిఫోర్నియాలోని పహారో నది కింద వాయుగొట్టం వేయడంతో మొదలయింది.

సముద్ర గాలిమరల వారు ఈ విద్యనంతా గొట్టాలవారి నుంచే నేర్చుకున్నారు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన 2018లో పూర్తయిన రాంపియన్ కేంద్రంలో 116 మరలు, 400 మెగావాట్ల సామర్థ్యం ఉన్నాయి. దాని కేబుల్ వర్తింగ్ దగ్గర ఒడ్డుకెక్కి 27 కి.మీ. నేల కింద ప్రయాణిస్తుంది. దారిలో సౌత్ డౌన్స్ అనే రక్షిత కొండప్రాంతం వస్తుంది. అక్కడ సుద్దరాయి మీద చాలా పల్చని మట్టి, ఆ మట్టికే అలవాటుపడిన గడ్డి, పూలమొక్కలు ఉంటాయి. దున్నిన పొలం ఒకటి రెండేళ్ళలో కోలుకోవచ్చు. అలాంటి పాత పచ్చిక కోలుకోవడానికి చాలా ఏళ్ళ కాపలా కావాలి. ఎరువు వేసి త్వరపెడదామంటే అది ఇంకా ప్రమాదం. బలమైన గడ్డి పెరిగి, పేదనేలను కోరుకునే అరుదైన మొక్కలను తొక్కేస్తుంది.

మన దగ్గర ప్రధానమైన మాట ఇప్పటికీ పరిహారమే. పరిహారం వద్దని ఎవరూ అనరు. కాని లెక్క ఎలా వేస్తారన్నది ముఖ్యం. పంట నష్టం అంటే ఆ కారులో పోయిన పంట అని లెక్కిస్తే, తరువాతి నాలుగైదేళ్ళలో తగ్గే దిగుబడి ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? డెల్టాలో సేద్యం చేసేది చాలాచోట్ల కౌలురైతు. డబ్బు పట్టాదారుకు అందుతుంది, నీళ్ళు నిలవని మడి కౌలుదారుకు మిగులుతుంది. ‘సంబంధించిన వారందరికీ’ అని 1885 చట్టం అన్న మాటలో కౌలుదారు కూడా ఉన్నాడని నా అభిప్రాయం. కాగితం లేని కౌలుకు దానిని రుజువు చేయడమే కష్టం.

రాయగఢ్ నుంచి త్రిశూర్‌కు

మన దేశంలో ఈ కథకు అతి దగ్గరగా వచ్చే కేబుల్ ఒకటి ఉంది. దాని మొదలు ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగలూరుకు 800 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్ మార్గం సుమారు 1,765 కి.మీ. పొడవున టవర్ల మీద నడుస్తుంది. తెలుగు నేల మీదుగా పోయే ఈ మార్గం సామర్థ్యం 6,000 మెగావాట్లు. ఛత్తీస్‌గఢ్ బొగ్గు విద్యుత్తు దక్షిణానికి వెళ్తుంది. తమిళనాట గాలి బాగా వీచే నెలలలో విద్యుత్తును ఉత్తరానికీ పంపవచ్చు. పుగలూరు నుంచి కేరళలోని త్రిశూర్‌కు 320 కిలోవోల్టుల మరో ఏకముఖ మార్గం, 2,000 మెగావాట్ల సామర్థ్యంతో, 2021 ఫిబ్రవరిలో ప్రారంభమయింది. ఇది కొంతదూరం టవర్ల మీద వచ్చి, కేరళలో పాతిక కిలోమీటర్లకు పైగా నేలలోకి దిగుతుంది. కేరళలో ఇల్లూ తోటా ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. టవర్ల వరసకు కావలసిన వెడల్పు అక్కడ దొరకడం కష్టం.

ఈ కేబుళ్ళలో బంధకంగా వాడేది పాలిథీన్‌కు అన్న వరస అయిన ఎక్స్.ఎల్.పి.ఇ. అనే ప్లాస్టిక్. 1933లో ఇంగ్లండ్‌లో అనుకోకుండా దొరికిన పాలిథీన్ అణుగొలుసులను అడ్డంగా ముడివేస్తే వేడికి కరగని ఈ పదార్థం వస్తుంది. ఓషానెసీ తారుగుడ్డ చేసిన పనినే ఇది లక్షల వోల్టుల దగ్గర చేస్తుంది. కాని ప్రవాహం పోతే వేడి పుట్టక తప్పదు. ఆ వేడి మట్టిలోంచే బయటకు పోవాలి. తడిమట్టి వేడిని బాగా వదులుతుంది, పొడిమట్టి దుప్పటిలా కప్పి ఉంచుతుంది. అందుకే కేబుల్ చుట్టూ ఎంపిక చేసిన ఇసుక, కొన్నిచోట్ల కొంచెం సిమెంటు కలిపి నింపుతారు. దాని మీద రక్షణ పలకలు, హెచ్చరిక పట్టీ పరుస్తారు. అంతమేరకు అసలు మట్టి మిగిలిపోతుంది. ఆ మిగిలిన అడుగుమన్నును ఎక్కడికి తరలించాలో ముందుగా రాసుకోకపోతే అది ఎవరి చేనిలోనో కుప్పగా తేలుతుంది.

భారత ప్రభుత్వం 2015లో సముద్ర పవన విద్యుత్ విధానం ప్రకటించింది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్ తీరానికి 500, తమిళనాడు తీరానికి 500 మెగావాట్ల చొప్పున రెండు కేంద్రాలకు సాయంగా, వాటికి కావలసిన రేవుల సౌకర్యాలతో కలిపి, 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. తమిళనాడు కేంద్రానికి చూసినది మన్నారు సింధుశాఖ. దాని ఒడ్డున, తూత్తుకుడి, తిరునెల్వేలి వైపున, తేరి అని పిలిచే ఎర్ర ఇసుకదిబ్బలున్నాయి. గాలికి కదిలే ఇసుకను అక్కడ పట్టి ఉంచేది తాటిచెట్లూ, ముళ్ళపొదలూ. అలాంటి చోట కందకం తవ్వితే చిక్కు నేల బిగుసుకోవడం కాదు, పూడ్చిన ఇసుక గాలికి లేచిపోవడం. పొదలు మళ్ళీ వేళ్ళూనేదాకా దానిని పట్టి ఉంచేదేదీ ఉండదు. రేగడికి రాసిన నియమం అక్కడ పనికిరాదు, వరి మడికి రాసినదీ పనికిరాదు. సముద్రపు గాలి కోసం ఆ తీరంలో మొదటి కందకం ఇంకా తవ్వలేదు. ఏ పొర ఎంత మందం, నీరు ఎంత వేగంగా ఇంకుతుంది, ఏ మొక్క ఎక్కడుంది అని కొలిచి రాసుకోవలసింది ఇప్పుడే.